సీసా మందులు - పదునారణాల వైద్యము

అమీరుపేట, పంజగుట్ట యను పేరులు వినని తెలుగు పల్లె నేడు అరుదు. చదువు ముగించిన పల్లెబిడ్డలు కంప్యూటరు విద్య నేర్చి కొలువు సంపాదింపవలెనని మొదట దిగునది అమీరుపేటలో. జిల్లా ఆసుపత్రిలో కుదురని జబ్బుతో రోగిని వెంటబెట్టుకొని బంధువులు చేరునది పంజగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు. మెట్రో రైలు 2017 నవంబరునుండి అమీరుపేట మీదుగాను, 2018 సెప్టెంబరునుండి పంజగుట్ట మీదుగాను పోవుచున్నది. ఇంత సందడి గల ఈ తావులు ఒకనాడు నగరపు పొలిమేర కవతలి పల్లెపట్టులు. నాడు జ్వరము తగిలినప్పుడు, బిడ్డకు కడుపు నొచ్చినప్పుడు, ముసలివానికి దగ్గు పట్టినప్పుడు జనులకు చేతికందిన దేమి? వారెవరిని నమ్మిరి? ఆ నమ్మకమునకు తగిన ఫలము దక్కెనా? రాజుల యుద్ధములను వ్రాసినవారు ఈ ప్రశ్నను తరచుగా విడిచిపెట్టిరి. కాని ఇంటింటి గూటిలోనుండిన చిన్న సీసా ఆ చరిత్రను దాచుకొనియే యున్నది.

హుస్సేనుసాగరమునకు పడమట, పటాన్‌చెరువు మీదుగా బొంబాయి వైపు పోవు బాటపట్టున ఈ గ్రామములు వెలసినవి. పైగా వంశపు ప్రభువులకు గల 'అమీరె కబీరు' అను బిరుదమువలన అమీరుపేటకును, గుట్టపై భక్తులు కొలుచు హస్తచిహ్నము, అనగా పంజా, వలన పంజగుట్టకును ఆ పేరులు వచ్చెనని చెప్పుదురు. పంజగుట్ట చెంతనే నవాబు ఫక్రుల్‌ముల్కు కట్టించిన ఇరంమంజిలు కలదు. పారసీక కవులు వర్ణించు ఇరమను ఉద్యానమునకును, 'ఎర్ర' యను తెలుగు మాటకును జనుల నోట పొత్తు కుదిరి అది ఎర్రమంజిలైనది. ఒక ప్రక్క నవాబుల మేడలు, మఱొక ప్రక్క చేలు, రాతిగుట్టలు, గుడిసెలు. అది నాటి స్వరూపము.

వైద్యశాలలు లేకపోలేదు. హైదరాబాదున 1846లోనే వైద్యపాఠశాల స్థాపింపబడెను. మూసీ యొడ్డున అఫ్జల్‌గంజి ఆసుపత్రి యుండెను. 1908 సెప్టెంబరునాటి వరదలో అది దెబ్బతినిన పిదప ఉస్మానియా ఆసుపత్రి లేచెను. కాని అమీరుపేట కూలివానికి మూసీ యొడ్డు దగ్గర కాదు. పోయి రావలెనన్న ఒకనాటి కూలి పోవును. పోయినను ఆ పెద్ద భవనమును, దొరల దుస్తులను, తెలియని భాషను చూచి వెనుకాడుట సహజము. అందుచేత వైద్యము మొదట ఇంటిలోనే జరిగెడిది. జలుబునకు శొంఠి, మిరియాల కషాయము, ఒంటి నొప్పులకు వావిలాకు ఆవిరి, అజీర్తికి వాము, బిడ్డ కడుపునకు అరగదీసిన వసకొమ్ము, మలబద్ధమునకు ఆముదము. వీనికి లొంగనిచో పల్లెవైద్యుడో, హకీమో. అతనికిని లొంగనిచో దేవత. బల్కంపేట ఎల్లమ్మ గుడి అమీరుపేట ప్రక్కనే కలదు. భూమట్టమునకు దిగువన బావిలో వెలసిన ఆ తల్లి తీర్థము రోగహరమని భక్తుల విశ్వాసము. ఆషాఢ మాసమున వేపమండలతో, పసుపునీళ్లతో బోనములెత్తు ఆచారమునకు వెనుక మహమ్మారి భయము గలదు.

ఈ పాత వైద్యమును తూచుటకు ప్రాచీనులే ఒక త్రాసు ఇచ్చిరి. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు; వెరసి పదునారు. వైద్యునికి శాస్త్రజ్ఞానము, అనుభవము, నేర్పు, శుచిత్వము కావలెను. ఔషధము సమృద్ధిగా దొరకవలెను, రోగమునకు తగినదై యుండవలెను, పలురూపముల వాడుటకు వీలుండవలెను, సారము చెడకుండవలెను. పరిచారకునకు ఉపచారము తెలియవలెను. చురుకు, ప్రేమ, శుచిత్వము ఉండవలెను. రోగికి జ్ఞాపకము, చెప్పినట్లు వినుట, ధైర్యము, తన బాధను తెలుపగల శక్తి యుండవలెను. రూపాయికి పదునారణాలు ఎట్లో, వైద్యమునకు ఈ పదునారు గుణములు అట్లు. లెక్క తెలిసినవారికి ఇంతకన్న స్పష్టమైన పద్దు అక్కరలేదు.

ఇంటి వైద్యమున పరిచారకుని నాలుగణాలు నిండుగా నుండెడివి. తల్లి, అవ్వ రేయంతయు మేల్కొని కూర్చుండెడివారు. రోగి బాధను వినువారుండిరి. లోటు ఎక్కువగా వైద్యుని పాదముననే. ఆ లోటు మధ్యకు సీసా ప్రవేశించెను.

1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలు నడచెను. బేగంపేట స్టేషను ఆ దారిలోనిదే. రైలుతో సరకులును, టపాతో పార్సెళ్లును వచ్చుట సులువయ్యెను. లండను, కలకత్తా, బొంబాయి, మద్రాసు మందుల వర్తకులు పంచాంగములలోను, పత్రికలలోను ప్రకటనలు వేసి, వి.పి.పి. ద్వారా మందును ఇంటి గడపకు పంపజొచ్చిరి. సొమ్ము ముందు పంపనక్కరలేదు; పార్సెలు చేతికందినప్పుడే టపావానికి చెల్లింపవచ్చును. వీనికి 'పేటెంటు మందులు' అని పేరు. పూర్వము ఇంగ్లండులో రాజు కొందరికి ప్రత్యేకాధికార పత్రములిచ్చెడివాడు. ఆ పత్రమే పేటెంటు. కాని పేటెంటు పొందవలెనన్న మందు కూర్పును బయటపెట్టవలెను. ఈ వర్తకులలో పెక్కుమంది కూర్పును దాచియే అమ్మిరి. కనుక పేటెంటు మందులలో చాలవరకు పేటెంటు లేనివే. వారికి ఉన్నది రహస్యము, పేరు, సీసాపై బొమ్మ మాత్రమే.

తెలుగువారి సీసాలలో మొదట చెప్పదగినది అమృతాంజనము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దీనిని ఆరంభించిరి. సంగీతసభలలో ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరని ప్రసిద్ధి. తలనొప్పికి నుదుట రాచుకొను ఆ లేపనము వలన వచ్చిన లాభము ఎటు పోయెనో గమనింపవలెను. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో మద్రాసున దినపత్రిక అయ్యెను. 1924లో భారతి పుట్టెను. 1926లో ఆంధ్రగ్రంథమాల ఆరంభమయ్యెను. గ్రంథాలయోద్యమమునకు ఆయన చేసిన సాయము జగద్విదితము. మద్రాసునందే కె.ఎన్. కేసరిగారు 'లోధ్ర' యను స్త్రీల మందు నమ్మి, 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిరి, పాఠశాలకును తోడ్పడిరి. తెలుగు పల్లెలోని తలనొప్పి తెలుగు పత్రికను పోషించెననిన అతిశయోక్తి కాదు.

హైదరాబాదు వారి సొంత సీసా జిందా తిలిస్మాతు. సజీవమైన మాయ అని దాని అర్థము. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో దీనిని అమ్మకమునకు తెచ్చిరి. ప్రపంచమంతటను విషజ్వరము విజృంభించిన 1918వ సంవత్సరము జనులకు ఇంకను మరపునకు రాని కాలమది. ఈ మందు కర్మాగారము అంబరుపేటలో నున్నది. పేరులు దగ్గరగా వినబడినను నగరమునకు తూర్పున నున్న అంబరుపేట వేరు, పడమటనున్న అమీరుపేట వేరు. సీసాపై ఆఫ్రికా వీరుని బొమ్మ యుండును. అక్షరము రానివాడును ఆ బొమ్మను చూపి దుకాణమున మందు నడుగగలిగెడివాడు. నాలుగు చుక్కలు వేడినీటిలోనో, చాయలోనో వేసి త్రాగుట, మరుగునీట వేసి ఆవిరి పట్టుట, ఛాతికి రాచుట. ఒకే సీసా ఇన్ని విధముల పనికివచ్చెడిది. చరకుడు ఔషధమునకు చెప్పిన గుణములలో సమృద్ధియు, పలురూపముల వాడుకయు రెండును ఇందు కుదిరినవి. అన్నిచోట్ల దొరకును, అన్ని విధముల వాడవచ్చును.

ఇట్టి మందులలో నిజముగా నుండిన దేమి? జిందా తిలిస్మాతునందు యూకలిప్టసు తైలము ప్రధానము. కర్పూరము, పిపరమెంటు పువ్వు, వాముపువ్వు దానికి తోడు. ఉత్తరదేశమున పేరొందిన అమృతధారకును ఈ చివరి మూడే మూలము. వీనిలో ఒక వింత కలదు. కర్పూరము, పిపరమెంటు పువ్వు, వాముపువ్వు మూడును గట్టి పదార్థములు. వీనిని ఒక సీసాలో చేర్చి మూత పెట్టినచో చుక్క నీరైనను పోయకయే కరగి ద్రవమగును. పదార్థములు కలసినప్పుడు కరగు ఉష్ణము తగ్గుటయే కారణము. కాని చూచువారికి అది మాయగానే తోచును. పిపరమెంటు పువ్వు చర్మములో చలిని గుర్తించు నరములను తాకును. అందుచేత చల్లనిగాలి సోకినట్లు, ముక్కు తెరచుకొనినట్లు తోచును. బాధ తగ్గినట్లగును. ఆ ఉపశమనము నిజము, అబద్ధము కాదు. జలుబు మాత్రము ఏడెనిమిది దినములలో తనంతట తానే పోవును. ఆ కీర్తి సీసా ఖాతాలో జమయగును.

కీర్తి జమయగుటవలన హాని లేదు. ప్రాణము ఖర్చు వ్రాయబడినప్పుడే హాని. కర్పూరము కలిసిన మందును పసివాడు గుక్కెడు మ్రింగెనా, మూర్ఛలు వచ్చి ప్రాణమునకే మోసము రావచ్చును. అంతకన్న ఘోరము నల్లమందు కలిసిన సీసాలు. కలరా బాధకు ఉపశమనముగా భారతదేశమున పనిచేసిన సైనికవైద్యుడు కాలిస్ బ్రౌను 1848లో 'క్లోరోడైను' అను మందు కూర్చెను. నల్లమందు ద్రావకము, గంజాయి సారము, క్లోరోఫారము అందు ఉండెడివి. విరేచనము నిలిచెడిది, నొప్పి అణగెడిది. అలవాటు మాత్రము అంటుకొనెడిది. ఆ క్లోరోఫారమును రోగికి సురక్షితముగా నెట్లు ఇయ్యవలెనో విచారించుటకు నిజాము ధనసాయముతో హైదరాబాదుననే 1888లోను, 1889లోను రెండు సంఘములు పరిశోధించెను. ఒక వంక శాస్త్రజ్ఞులు దాని ప్రమాదమును గూర్చి వాదించుచుండగా, మఱొక వంక అది సీసాలో కలసి అంగడిలో అమ్ముడగుచుండెను. నాటి కాలపు వైపరీత్యమున కింతకన్న నిదర్శన మేల?

అన్ని సీసాలును విషము కావు. కొన్ని వట్టి మోసము. 1909లో బ్రిటిషు వైద్యసంఘమువారు పేరుగాంచిన రహస్య ఔషధములను పరీక్షించి ఒక గ్రంథము ప్రకటించిరి. భారతదేశమునను చెల్లుబడి గల బీచం మాత్రలలో వారికి కనబడినవి ముసాంబ్రము, అల్లము, సబ్బు. పెట్టె వెల ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ; లోని సరకు విలువ పెన్నీలో ఎనిమిదవ వంతు. నూటికి ఒక వంతుకూడ కాదు. ఆముదము, కరక్కాయ ఇంటనే యుండగా వానిని విడిచి, సముద్రములు దాటివచ్చిన ముసాంబ్రమునకు అంత సొమ్ము చెల్లించిన పల్లెవారిని చూచి నవ్వవలెనా, జాలిపడవలెనా?

కాని ఈ వర్తకమున అన్నిటికన్న పెద్ద నష్టము సొమ్ము కాదు. చరకుడు రోగికి చెప్పిన గుణములలో తన బాధను తెలుపగల శక్తి యొకటి. సీసా మందు ఆ శక్తినే హరించెను. రోగి వైద్యునికి తన రోగమును చెప్పుటకు మారుగా, ప్రకటనయే రోగికి అతని రోగమును చెప్పజొచ్చెను. నీరసము, మతిమరపు, ఆకలి మందగించుట, నిద్ర పట్టకపోవుట - ఈ జాబితాలో తన్ను తాను చూచుకొనని మానవుడుండునా? చదివినవాడెల్ల రోగియే, రోగి యెల్ల కొనుగోలుదారే. పదునారణాలలో ఔషధమునకు చెందిన నాలుగణాలను చేతబెట్టి నిండు రూపాయి వసూలు చేసికొనుటయే ఈ వ్యాపారపు మర్మము.

ఇది అమీరుపేటకు వట్టి మాట కాదు. అమీరుపేట సరిహద్దున బేగంపేట కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు దండుకు చెందిన ఆ ప్రాంతమున రొనాల్డ్ రాసు అను సైనికవైద్యుడు ఒక దోమ కడుపున చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. హుస్సేన్ ఖాను అను రోగి తన్ను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున పుచ్చుకొని ఆ పరిశోధనకు తన శరీరము నప్పగించెను. 1902లో రాసునకు నోబెలు బహుమానము వచ్చెను. చలిజ్వరము గాలివలననో, నీటివలననో, గ్రహబలమువలననో వచ్చునని లోకము తలచుచుండగా, దాని గుట్టు బయటపడినది ఈ గడ్డమీదనే. ఆ గుట్టు తెలుపుటకు అయిన ఖర్చులో అణాలు లెక్కపెట్టిన రోగి పేరు రాసు పేరుతోపాటు నిలిచియుండుట న్యాయము.

చలిజ్వరమునకు మందును అప్పటికే తెలియును. సింకోనా పట్టనుండి 1820లో తీసిన క్వినైను అది. బంగాళమున 1892నుండి తపాలా కచ్చేరీలలో దాని పొట్లమును ఒక్క పైసాకు అమ్మిరి. పైసా యనగా అణాలో నాలుగవవంతు. కాని క్వినైను పరమచేదు. దానికి వీరుని బొమ్మ లేదు, పద్యము లేదు, మాయ యను పేరు లేదు. రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే యను సామెత సీసా మందునకే చెల్లెను, క్వినైనునకు చెల్లలేదు. జ్వరపు మిశ్రమములు కొన్నింటిలో క్వినైనును కలిపిరి గాని, ఎంత కలిపిరో సీసా చెప్పెడిది కాదు. చాలినంత లేనిచో జ్వరము ఒకనాడు తగ్గి మఱల తిరుగబెట్టును. ఛాతికి తైలము రాచుచు, నుదుట లేపనము పూయుచు, 'రేపు తగ్గును' అని ఎదురుచూచుటలో కరగిన దినములే ప్రాణాంతకములు. కుంటలోని దోమపిల్లలను చంపుటకు ఏ సీసాయు పనికిరాదు.

ఈ చిక్కును విప్పుటకు చట్టము మెల్లమెల్లగా కదలెను. 1940లో మందుల చట్టము వచ్చెను. 1954లో మాయచికిత్సల ప్రకటనలను నిషేధించు చట్టము చేయబడెను. మధుమేహము, పుట్టకురుపు మున్నగు రోగములను కుదుర్చుదుమని ప్రకటించుట దానిచే నేరమయ్యెను. తమ వాక్స్వాతంత్ర్యమునకు భంగము గలిగెనని ఒక యూనానీ మందుల సంస్థవారు సుప్రీంకోర్టు కెక్కగా, 1959లో వచ్చిన తీర్పున ఆ చట్టములోని కొన్ని భాగములు కొట్టివేయబడెను గాని, వర్తకప్రకటనకు ఆ స్వాతంత్ర్యపు రక్ష లేదని ధర్మాసనము తేల్చెను. 1964లో జరిగిన సవరణతో ఆయుర్వేద, యూనానీ మందులును మందుల చట్టము క్రిందకు వచ్చెను. కూర్పును సీసాపై తెలుపవలెనను నియమము రహస్యమునకు గండికొట్టెను. పంజగుట్టలో నిజాము ధర్మనిధి సాయముతో వెలసిన ఎముకల ఆసుపత్రి కాలక్రమమున పెరిగి, 1989నాటి శాసనముతో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థగా స్థిరపడెను. ఒకనాడు వైద్యుడు లేని గుట్టచెంత నేడు రాష్ట్రము నలుమూలలనుండి రోగులు వచ్చి వరుసలలో నిలుచుచున్నారు. వైద్యుని నాలుగణాలు సమకూరినవి.

అయినను పాత సీసాను వట్టి మోసకారిగా చూచి పారవేయుట కృతఘ్నత యగును. వైద్యుడు రాని యింటికి అది వచ్చెను. ముసలివాని రాత్రిని కొంత తేలిక చేసెను. మతములు వేరైనను, భాషలు వేరైనను హకీము కూర్చిన ఎర్రని తైలమును, పంతులు కూర్చిన పసుపు లేపనమును ఒకే గూటిలో ప్రక్కప్రక్కన ఉంచెను. పంచాంగము తప్ప అచ్చు కాగితము ఎరుగని ఇండ్లలోనికి అచ్చుటక్షరములు సీసాకు చుట్టుకొని వచ్చినవి. బడికి పోవు పిల్లవాడు చదివి చెప్పగా ఇంటిల్లిపాదియు విన్న మొదటి గద్యము పెక్కుచోట్ల ఆ వాడుక కాగితమే. ఆ లాభమునుండియే పత్రికలు పుట్టెను, గ్రంథాలయములకు పుస్తకములు చేరెను.

ఇక మిగిలినది రోగి పాదము. వైద్యుని రాజ్యము నిలుపవచ్చును, ఔషధమును కర్మాగారము చేయవచ్చును, పరిచారకుని ప్రేమను ఇల్లు ఇయ్యవచ్చును. కాని జ్ఞాపకము, ధైర్యము, తన బాధను తానెరిగి చెప్పగల శక్తి - వీనిని కొని తెచ్చుకొనుటకు అంగడి లేదు. నేడు ప్రకటన పంచాంగపు అట్టమీద లేదు. ప్రతివాని అరచేతిలోని ఫోనులో వెలుగుచున్నది. నీరసము, మతిమరపు, నిద్రలేమి యను ఆ పాత జాబితాయే రంగులు మార్చుకొని వచ్చుచున్నది. పాతికేండ్లుగా ఈ ఊరి నడుమ తలుపు తెరచియున్న గ్రంథాలయము చేయు వైద్యము ఇక్కడనే. సీసాపై అక్షరమును కూడబలుకుకొని చదివిన తాత మనుమడు, ఆ అక్షరము నిజమా కాదా యని విచారింపగలిగిననాడు లోటుబడిన ఆ నాలుగణాలును జమకు వచ్చును. రూపాయి పద్దు సరిపోవును.